రిట్రీట్‌లో నరకం పాఠం చెప్పబోతున్న నా చెల్లెలి కూతురికి

తల్లీ,

వచ్చే నెల తిరుపతిలో జరిగే యూత్ రిట్రీట్‌లో నరకం మీద పాఠం నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెద్దవాళ్ళే తప్పించుకునే పాఠం నీ చేతికిచ్చారంటే మీ సంఘంలో నీకెంత విలువుందో అర్థమైంది. ఆ సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. అందుకే ఈ ఉత్తరం.

ప్రార్థన చేసుకో, వాక్యభాగాలు ముందే చదువుకో, భోజనానికి ముందు ముగించు. ఇవి నీకు తెలిసినవే.

ముందు చెత్తకుప్ప కథ సంగతి. యెరూషలేము బయట ఎప్పుడూ తగలబడే చెత్తకుప్ప ఉండేదనీ, యేసు చెప్పిన నరకాగ్ని అదేననీ ప్రతి కన్వెన్షన్‌లోనూ ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట మనకు దొరికేది క్రీ.శ. 1200 ప్రాంతాల్లో డేవిడ్ కిమ్హీ అనే యూదు పండితుడు రాసిన దాంట్లో. అంటే యేసు తర్వాత వెయ్యేళ్ళకు పైనే. తవ్వకాల్లో దానికి గట్టి ఆధారమేదీ దొరకలేదు. బైబిల్లో ఉన్న కథ అంతకంటే భయంకరమైంది. ఆ చెత్తకుప్ప ఉండేదని చెప్పే బెన్‌హిన్నోము లోయలో సొంత బిడ్డలను మోలెకు అనే దేవతకు అగ్నిలో అర్పించారు. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రం చేసి ఆ పని ఆపించాడు, 2 రాజులు 23లో ఉంది. అలాంటి పని తన మనసుకే తోచలేదని యిర్మీయా ప్రవక్త నోట దేవుడు అన్నాడు. పిల్లలను మంటల్లో వేయడాన్ని అసహ్యించుకున్న దేవుడని ముందు చెప్పి, తర్వాత మంటల గురించి మాట్లాడు. ఈ వరుస మాత్రం మార్చకు.

ఇంకో సంగతి. నీ ముందు కూర్చునే పిల్లల బుర్రల్లో నరకం బొమ్మ ఇప్పటికే ఉంటుంది. మరిగే నూనె కడాయి, యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా. చుట్టుపక్కల ఇళ్ళలో విన్నవి, టీవీలో చూసినవి. అందులో యముడిని తీసేసి సాతానును పెట్టుకుంటారు, అంతే. బైబిల్లో సాతాను నరకానికి యజమాని కాదు, అక్కడ శిక్ష పొందేవాడు. నిత్యాగ్ని అపవాదికీ వాడి దూతలకూ సిద్ధపరచినదని మత్తయి 25లో స్పష్టంగా ఉంది.

అది నిజం మంటేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. తడబడకు. అదే మత్తయి ఒకచోట అగ్ని అంటాడు, ఇంకోచోట వెలుపటి చీకటి అంటాడు. మంట ఉన్నచోట చీకటేమిటి? ప్రకటన గ్రంథం 20లో మరణాన్నే అగ్నిగుండంలో పడేశారు. మరణాన్ని ఏ కట్టెలతో కాలుస్తాం? తొలి శతాబ్దాల సంఘపు పెద్ద బోధకుడు అగస్టీన్ నిజమైన మంటే అన్నాడు. సంఘ సంస్కర్త కాల్విన్ మాత్రం అది మనకు అర్థం కావడానికి వాడిన పోలిక అన్నాడు. మన చిత్తూరులో సువార్త పని చేసిన ఆర్కాటు మిషన్ వాళ్ళు కాల్విన్ బాటలోని సంఘం వాళ్ళే, కాబట్టి ఇది కొత్త బోధ అని ఎవరైనా లేస్తే ఆ మాట చెప్పు. 1999లో పోప్ రెండవ జాన్ పాల్ కూడా ఆ చిత్రాలను సరిగ్గా అర్థం చేసుకోవాలనీ, దేవుడికి దూరమైపోయిన స్థితిని అవి చెబుతాయనీ అన్నాడు. అయితే పోలిక అనగానే పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, నువ్వు వదలకు. భాకరాపేట ఘాట్‌లో మలుపు దగ్గర పుర్రె బొమ్మ బోర్డు పెడితే, అక్కడ పుర్రె ఉందని ఎవరూ అనుకోరు. లోయ లేదని కూడా ఎవరూ అనుకోరు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నేను సండే స్కూల్ చెప్పే రోజుల్లో నా క్లాసులో ఒక పిల్లవాడు ఉండేవాడు. వాళ్ళమ్మ మన సంఘం, నాన్న కాదు. వాణ్ణి పెంచింది వాళ్ళ నాన్నమ్మ. నుదుట బొట్టు, మెడలో తులసిపూస. వాకిట్లోకి ఎవరొచ్చినా సంగటి ముద్ద పెట్టకుండా పంపేది కాదు. ఆమె పోతే నీవా ఏటి ఒడ్డున దహనం చేశారు. ఆ ఆదివారమే బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు ఒకాయన ధనవంతుడు, లాజరు కథ ఎత్తుకున్నాడు, అదే, వాకిట్లో పడి ఉన్న దరిద్రుడు లాజరును పట్టించుకోని ధనవంతుడు చచ్చి పాతాళంలో మంటల పాలయ్యే కథ. ఊళ్ళో చావు జరిగిందని ఆయనకు తెలుసు. ఇక్కడ ఆరిన మంట అక్కడ ఆరదన్నాడు, నాలుక తడుపుకోవడానికి చుక్క నీళ్ళు కూడా దొరకవన్నాడు. వాడు ముందు చాప మీదే కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం నుంచి వాడు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా నీవా ఒడ్డున దొరికాడు, చేతిలో ఇత్తడి చెంబుతో. బూడిద మీద నీళ్ళు పోస్తున్నాడు. "అవ్వకు ఇంకా కాలతా ఉందా?" అని అడిగాడు. వాళ్ళ నాన్న వాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లోవాళ్ళు మళ్ళీ మన చర్చి గడప తొక్కలేదు. ఆ బోధకుణ్ణి అడిగితే నేను వాక్యమే చెప్పాను కదమ్మా అన్నాడు.

వాక్యం ఆయన చెప్పింది సగమే. లూకా 16 తీసి చూడు. పాతాళంలో ఉన్నవాడు అబ్రాహామును తండ్రీ అని పిలుస్తాడు, అబ్రాహాము వాణ్ణి కుమారుడా అంటాడు. వాడు బయటివాడు కాదు, మనలాంటివాడే. రోజూ వాకిట్లో పడి ఉన్న దరిద్రుణ్ణి చూసీ చూడనట్టు ఉన్నవాడు. వాకిట్లో వచ్చినవాళ్ళకు సంగటి పెట్టిన ముసలామెను తీసుకెళ్ళి ఆ ధనవంతుడి చోట కూర్చోబెట్టాడు ఆ పెద్దమనిషి! ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

యేసు ఈ మంట మాటలు ఎవరితో అన్నాడో ఒక్కసారి చూసుకో. మార్కు 9లో శిష్యులతో. మత్తయి 23లో శాస్త్రులతో, పరిసయ్యులతో. మత్తయి 25లో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టనివాళ్ళ గురించి. మందిరానికి వచ్చేవాళ్ళకు చెప్పిన మాటను మనం రోడ్డుకు అవతల ఉన్నవాళ్ళ మీదికి విసురుతున్నాం.

నీ క్లాసులోనూ అలాంటి పిల్లలు ఉంటారు. చనిపోయిన అవ్వను తలుచుకుని మా జేజి ఎక్కడుంది అని అడిగితే లెక్చర్ ఇవ్వకు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము దేవుణ్ణే అడిగిన మాట చెప్పు. వాళ్ళ జేజి ఎలాంటిదో అడుగు, వాళ్ళు చెప్పేది విను. తీర్పు మాత్రం నువ్వు చెప్పకు.

నీతో నాకు ఇంకో భయం కూడా ఉందిలే. చదువుకున్నదానివి, ఎవరినీ నొప్పించకూడదని నరకాన్నే మాయం చేసేస్తావేమో. అలా చేస్తే పనిమనిషి జీతం ఎగ్గొట్టి ముందు బెంచీలో కూర్చునేవాళ్ళకు ఎంత హాయి! వాళ్ళకు కాస్త వేడి తగలనీ.

స్లైడ్లలో మంటల బొమ్మలు పెట్టానన్నావట మీ అమ్మతో. తీసెయ్. యెషయా గ్రంథం చివరి వచనం చదివాకే మార్కు 9కి రా, పురుగు, అగ్ని మాటలు అక్కడివే. రాసుకున్నది ఆదివారం లోపల నాకు వాట్సాప్‌లో పంపు. కళ్ళజోడు మార్పించాను, చదవగలను.

మీ పెద్దమ్మ
చిత్తూరు