పాఠకుల ప్రశ్నలు: జబ్బు ఇక్కడ, చికిత్స అక్కడ

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఏటా వానలు మొదలవగానే మా వీధిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మన భాషలో చెప్పుకోవచ్చని పాతపట్నమో శ్రీకాకుళమో వెళ్ళి చూపించుకుంటాం. ఈసారి మా ఇంట్లోనే ముగ్గురం సరిహద్దు అవతల ఒక ప్రైవేటు క్లినిక్‌లో సెలైన్లు ఎక్కించుకున్నాం. మా వీధికి మాత్రం ఇంతవరకు ఏ అధికారీ రాలేదు. ఒడిశా ఆరోగ్య శాఖకు మా బాధ్యత లేదా?
(ఒక పాఠకురాలు, గజపతి జిల్లా)

జవాబు: ఉంది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితా 6వ అంశం కిందికి వస్తాయి కనుక, మీరు ఏ భాష మాట్లాడినా, ఎక్కడ వైద్యం చేయించుకున్నా, మీ వీధి నీటికీ మురుగుకీ ఒడిశా ప్రభుత్వమే జవాబు చెప్పాలి.

ఎవరూ రాకపోవడానికి కారణం వేరే ఉండవచ్చు. ఆసుపత్రి పని వచ్చిన రోగిని బాగుచేయడం; ప్రజారోగ్య విభాగం పని ఆ రోగి ఏ వీధివాడో, అదే వీధి నుంచి ఈ వారంలో ఇంకెందరు వచ్చారో లెక్కపెట్టడం. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్తలు, డాక్టర్లు, ప్రయోగశాలలు విడివిడిగా పంపే వివరాలు జిల్లాలో ఒకచోట చేరతాయి. ఒకే ప్రాంతంలో విరేచనాల కేసులు గుంపుగా కనబడితే సత్వర స్పందన బృందం వెళ్ళి మలం నమూనాలు, నీటి నమూనాలు తీయాలి. మీ ముగ్గురి సంగతీ పక్క రాష్ట్రంలోనే ముగిసిపోయింది. ఆ వివరం మీ జిల్లాకు చేరవలసిందే, కాని సెలైను ఎక్కించి పంపే క్లినిక్ ఆ శ్రమ పడుతుందని నాకు నమ్మకం లేదు. దానితో గజపతి జిల్లా లెక్కల్లో మీ వీధి ఆరోగ్యంగానే ఉంది.

2022 జూలైలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో విరేచనాలతో ప్రాణాలు పోయినప్పుడు, నమూనాలు పరీక్షిస్తేనే అది కలరా అని తేలింది. సెలైను సీసా ఆ సంగతి చెప్పదు. అందుచేత మీరు ఎక్కడికి వెళ్ళి చూపించుకున్నా, వెళ్ళిన రోజే మీ వీధి ఆశా కార్యకర్తకు చెప్పండి. మొదట ఎవరికి ఏ తేదీన వచ్చింది, ఎన్ని ఇళ్ళలో ఉంది, ఆ ఇళ్ళవారు తాగేది ఏ కుళాయి నీరు అన్నవి ఒక కాగితం మీద రాసి జిల్లా ముఖ్య వైద్య, ప్రజారోగ్య అధికారి కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఒడియాలో రాయడం కష్టమైతే బడికి వెళ్ళే పిల్లలున్నారు కదా.

ఇంకొక చిక్కు. పట్టణాల నీటి సరఫరా ఒడిశాలో ఆరోగ్య శాఖ చేతిలో లేదు. అది గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ కిందిది. (పైపులు వేసే ఇంజనీర్ల విభాగాల పేర్లలో కూడా ‘ప్రజారోగ్యం’ అని ఉండడం మన దేశంలో పాత అలవాటు. డాక్టరు కోసం వెళ్ళి ప్లంబరును కలిసి వచ్చినవారు ఎందరో.) కాబట్టి రెండో నకలు అక్కడ ఇవ్వండి. కుళాయి చివర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. మీ కుళాయి దగ్గరే దాన్ని పరీక్షించి చూపమని అడగండి.

ప్రశ్న: మాది గుణుపురం. మా కోడలిని పురిటికి విశాఖపట్నం తీసుకువెళ్ళాం. బిడ్డ జనన ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి? టీకాలు ఇక్కడ వేస్తారా?
(ఒక పాఠకుడు, రాయగడ జిల్లా)

జవాబు: 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన చోటే, 21 రోజుల్లోగా నమోదు కావాలి, మీ చిరునామా ఒడిశాది అయినా పత్రం వచ్చేది విశాఖపట్నం నుంచే. ఆసుపత్రివారే వివరాలు పంపుతారు గనుక ఇంటికి బయలుదేరే ముందు తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు సరిచూసుకోండి, తరువాత దిద్దించడం పెద్ద తిరుగుడు. టీకాలకు ఏ పట్టింపూ లేదు. తల్లీబిడ్డల కార్డు చూపితే ఆరో వారం నుంచి మిగిలినవి మీ ఊళ్ళోనే ఉచితంగా వేస్తారు.