రేవులో కాపలా, సంతలో తలుపులు బార్లా

ప్రశ్న ఇది: "బ్రిటిష్ వాళ్ళు బయటి దేశాల పశువులు రాకుండా ఆంక్షలు పెట్టింది మన గొడ్లకి రోగాలు అంటకూడదనేనా? 1898 నాటి ఆ చట్టాన్ని ఇంకా ఎందుకు ఉంచుకున్నాం?"

మన గొడ్ల కోసం కాదండీ, వాళ్ళ గుర్రాల కోసం. ఇది నా అభిప్రాయమే, కాకపోతే గట్టి అభిప్రాయం. అప్పట్లో సైన్యానికి గుర్రాలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చేవి. వేలర్లు అనేవాళ్ళు వాటిని. మద్రాసు రేవులో, కలకత్తా రేవులో దించేవాళ్ళు. 1898లో పశువుల దిగుమతి చట్టం చేశారు, ఆ మరుసటి ఏడే గ్లాండర్స్ చట్టం చేశారు. గ్లాండర్స్ ఎవరికి వస్తుంది? గుర్రానికి, గాడిదకి. ఎద్దుకి రాదు. 1910లో డౌరిన్ మీద ఇంకో చట్టం, అదీ గుర్రాల జబ్బే. వరస చూస్తే తెలియట్లా ఎవరి మీద ప్రేమో? మన గొడ్ల మీద అసలు పట్టింపే లేదని అనను, 1871లో పశువుల ప్లేగు (రిండర్‌పెస్ట్, మనుషుల ప్లేగు కాదు) మీద కమిషన్ రిపోర్టు వచ్చింది, 1889లో పుణెలో ల్యాబు పెట్టి దాన్ని తర్వాత ముక్తేశ్వర్ కొండల్లోకి మార్చారు, 1920ల చివర్లో అక్కడే మేకల్లో పెంచిన వైరస్‌తో టీకా తయారుచేశారు. ముక్తేశ్వర్ వాళ్ళకి నేను దణ్ణం పెడతాను. కానీ ప్లేగు బయటి నుంచి వచ్చేది కాదు కదా, అది మన దేశంలోనే కాపురముంది. ఇంట్లో పాము తిరుగుతుంటే వీధి తలుపుకి గడియ పెట్టినట్టుంది వ్యవహారం.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో భయపడాల్సింది మనం కాదు, మనల్ని చూసి మిగతా దేశాలు భయపడేవి. మా ఒంగోలు జాతి గొడ్ల గ్రూపుల్లో నెలకోసారి ఒక మెసేజ్ తిరుగుతుంది, బ్రెజిల్ వాళ్ళు మన గిత్తల్ని దొంగతనంగా ఎత్తుకుపోయారని. ఎవరూ ఎత్తుకుపోలేదు నాయనా, మనవాళ్ళు డబ్బులు లెక్కపెట్టుకుని అమ్మారు. అక్కడ ఆ జాతిని నెలోరె అంటారు, ఎందుకంటే గుంటూరు జిల్లా ఏర్పడిన 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఈ మెసేజ్ పంపేవాళ్ళు రెండో సగం పంపరు. 1906లో టెక్సాస్ పశువుల ఆసామి ఒకాయన మన దేశం నుంచి గిత్తల్ని ఓడలో తీసుకెళ్తే అమెరికా వాళ్ళు ఊళ్ళోకి రానివ్వలేదు, న్యూయార్క్ దగ్గర ఒక దీవిలో ఆపి నెత్తురు పరీక్షలు చేసి, సర్రా అనే నెత్తురు జబ్బు తేలిన వాటిని చంపేసి మిగతావాటిని వదిలారు. 1920లో బ్రెజిల్‌కి పోతూ బెల్జియంలో ఆంట్‌వెర్ప్ రేవులో ఆగిన మన పశువుల నుంచి అక్కడి మందలకి ప్లేగు అంటుకుంది. దాంతో యూరప్ అంతా గగ్గోలు పెట్టి, 1924లో 28 దేశాలు కలిసి పారిస్‌లో పశువుల జబ్బుల కోసం అంతర్జాతీయ సంస్థ పెట్టాయి. 1921లో సావోపౌలో దగ్గర కూడా ప్లేగు కనిపించాక బ్రెజిల్ మన వైపు జాతుల్ని తెప్పించుకోవడం ఆపేసింది. తర్వాత 1962లో తీసుకెళ్ళినప్పుడు, అందులో మా కరవది ఊరి పేరు పెట్టుకున్న గిత్త కూడా ఉంది, వాటిని నేరుగా దించకుండా సముద్రం మధ్యలో ఫెర్నాండో ది నొరోన్యా దీవిలో ఆపి, రోగం లేదని తేలాకే లోపలికి తోలారు. ఇదెవడూ ఫార్వర్డ్ చెయ్యడు.

సరే, నాకు ఈ గొడవంతా ఎందుకంటే, క్వారంటైన్ అనే మాట వినకముందే అది మా ఇంట్లో ఉంది.

మాది టంగుటూరు పక్క పల్లెటూరు. మా తాతకి ఒక చాదస్తం. కొత్త గొడ్డు ఏదొచ్చినా నేరుగా చావిట్లోకి రానిచ్చేవాడు కాదు. చేలో బావి దగ్గర వేపచెట్టు కింద ఒక కట్టుకొయ్య ఉండేది, దానికి కట్టాలి, ఒక అమావాస్య ఒక పున్నమి దాటాలి, అప్పుడు ఇంటికి. దానికి వేరే తొట్టి, వేరే గంప. దాన్ని చూసే మనిషి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునిగానీ మిగతావాటి దగ్గరికి పోకూడదు. ఎందుకు తాతా అంటే "దాని ఊరి గాలి పోవాల" అనేవాడు. ఇంకేం చెప్పేవాడు కాదు. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే గాలికుంటు జబ్బు బయటపడటానికి రెండు రోజుల నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని నేను చాలా ఏళ్ళ తర్వాత ఒక పశువుల డాక్టరు నోట విన్నాను. అమావాస్యకీ పున్నమికీ మధ్య ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఎద్దుల జతలో ఒకటి ముసలిదైపోయింది. మిగిలింది మంచి ఎద్దు, ఆరు పళ్ళది, తెల్లగా మూపురం మీద బూడిద రంగు దిగి, దుక్కిలో దాని పక్కన ఏదీ నిలిచేది కాదు. దానికి జత కోసం నాయన, నేను, మా చిన్నాయన సంతకి పోయాం. అక్కడ బేరాలు చూసిన వాళ్ళకి తెలుసు, దళారి తువ్వాలు మీ చేతిమీద కప్పి కింద వేళ్ళు నొక్కుతాడు, రెండు వేళ్ళు పడితే ఒక లెక్క, మూడు పడితే ఒక లెక్క, పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. నాయన కోడె నోరు తెరిచి పళ్ళు చూశాడు. వీపు మీద, నొసటి మీద సుళ్ళు చూశాడు, పాడు సుడి లేదని రెండుసార్లు తడిమాడు. తోక పట్టుకుని పది అడుగులు నడిపించాడు. ఇది ఏ ఊరి నుంచి వచ్చింది, దారిలో ఎన్ని సంతలు తిరిగింది, పక్కన కట్టేసిన వాటి మూతి వెంట సొంగ ఎందుకు కారుతోంది, ఇవి మాత్రం అడగలేదు. మేమే కాదు, సంత మొత్తంలో అడిగినవాడు నాకు కనపడలేదు.

తిరిగి వచ్చేసరికి చీకటి పడింది, పైన వాన. కార్తీకమాసం వాన, మా వైపు తుఫానులొచ్చే కాలం. చేలోకి తోలాలంటే మోకాటి లోతు బురద. దానికితోడు రాత్రిపూట ఎవడన్నా విప్పుకుపోతే? నాయన "ఒక్క రాత్రికేమవుద్దిలే, తెల్లారాక తోలేద్దాం" అని చావిట్లో చివర కట్టేశాడు. తాత అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. "అబ్బాయ్, వద్దురా" అన్నాడు ఒకేసారి. నాయన వినపడనట్టే కొత్త పలుపు తీసుకురమ్మని నన్ను పంపాడు. తెల్లారింది, వాన తగ్గలేదు. మూడో రోజుకి ఎవరికీ గుర్తే లేదు.

ఐదో రోజు పొద్దున అమ్మ కుడితి పెట్టబోయి కేకేసింది. కోడె నోరు చప్పరిస్తోంది, చప్ చప్ మని, బెల్లం ముక్క నోట్లో ఉన్నట్టు. మూతి నుంచి నేల దాకా తీగలాగా సొంగ. గడ్డి ముందుంది, వాసన చూస్తోంది, తినదు. నాయన నాలుక బయటికి లాగితే పైపొర ఉడికిన టమాటా తోలులాగా ఊడి వేళ్ళకి వచ్చింది. నాకిప్పటికీ టమాటా ఉడకబెట్టి తోలు తీస్తుంటే అదే గుర్తొస్తుంది. సాయంత్రానికి మా పాత జతలో మిగిలిన ఆ మంచి ఎద్దు, మా పెద్దెద్దు, ఒక కాలు ఎత్తి విదిలించడం మొదలెట్టింది. మర్నాటికి బర్రె, ఆవు, దూడ, అన్నీ.

పశువుల ఆసుపత్రికి పోతే టీకా ఇప్పుడెందుకు, వచ్చేశాక వేసేదేముంది, ముందు వేయించుకోవాలి అన్నారు. ముందు అడిగినప్పుడు స్టాకు లేదన్నది కూడా వాళ్ళే. ఊదారంగు పొడి పొట్లం ఒకటి ఇచ్చారు, పర్మాంగనేట్. రోజుకి రెండుసార్లు దాంతో నోరు, గిట్టలు కడగడం నా పని. నాలుక మీద బోరిక్ పొడి గ్లిజరిన్‌లో కలిపి రాసేవాళ్ళం, గిట్టల మధ్య పురుగులు పడితే కర్పూరం కలిపిన కొబ్బరినూనె పోసి పుల్లతో తీసేవాడు తాత. అమ్మ రాగిజావ కాచి చల్లార్చి వెదురుగొట్టంతో పట్టేది. బర్రె పొదుగు మీద బొబ్బలు, పాలు పిండబోతే తన్నింది, ఆ ఈతకి పాలు సగానికి దిగిపోయాయి. దూడ మటుకు జబ్బు లక్షణం సరిగ్గా కనపడకుండానే, పొద్దున తల్లి పొదుగు కుడుస్తూ కుడుస్తూ పక్కకి ఒరిగిపోయింది. చిన్నవాటికి ఈ రోగం గుండెని పడుతుందట.

వీధిలో అందరి గొడ్లూ తాగేది ఒకే సిమెంటు తొట్టి. పది రోజుల్లో వీధంతా అంటుకుంది. పక్కింటి అత్త మా అమ్మతో రెండేళ్ళు మాట్లాడలేదు, ఆవిడ తప్పేం లేదు.

ఇక పెద్దెద్దు. పుండ్లు మానాయి, మేత తింది, అందరం బయటపడ్డామనుకున్నాం. చైత్రంలో కాడి కట్టి చేలోకి తీసుకుపోతే నాలుగు చాళ్ళు తిరగ్గానే నాలుక బయటపెట్టి కుక్క వగర్చినట్టు వగర్చడం మొదలెట్టింది. నీడకి తోలితే గాని తగ్గదు. ఎండ తగిలితే చాలు వగర్పు. గాలికుంటు తగిలిన కొన్ని గొడ్లకి జీవితాంతం ఇట్లాగే ఉండిపోతుంది. బండలాగుడు పందేలకి పంపాలని నాయన ఆశపడ్డ ఎద్దు అది. చివరికి తెల్లవారుజామున ఎరువు బండి తోలడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. రోగం మోసుకొచ్చిన కోడె మటుకు శుభ్రంగా కోలుకుని ఎనిమిదేళ్ళు దున్నింది, దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది, పాపం దానికేం తెలుసు.

తాత నాయన్ని ఒక్క మాట అనలేదు. దూడని పూడ్చిపెట్టిన రోజు సాయంత్రం చేలోకి పోయి, వానకి ఒరిగిపోయిన కట్టుకొయ్య పీకి, కొత్తది తుమ్మకొయ్య చెక్కి పాతాడు. నేను గునపం పట్టుకుని పక్కనే ఉన్నాను. "ఇప్పుడెందుకు తాతా?" అంటే "రాబోయేదానికి" అన్నాడు.

అందుకే ఆ 1898 చట్టం పాతదని తీసిపారేయమనే వాళ్ళతో నేను ఒప్పుకోను. ఎవరి కోసం చేసినా పనికొచ్చే చట్టం. 2001లో దానికి కొత్త సెక్షన్లు కలిపి మాంసం, గుడ్లు, పాలు, వీర్యం దాకా లాగారు. బర్డ్ ఫ్లూ పేరుతో అమెరికా కోడిమాంసాన్ని ఆపింది కూడా ఆ చట్టం కిందే, దాని మీద వాళ్ళు ప్రపంచ వాణిజ్య సంస్థకి పోయి 2015లో చివరి మెట్టు మీద కూడా మన మీద గెలిచారు. మన నిషేధం శాస్త్రం ప్రకారం లేదని తేల్చారు. నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఇంట్లో సంగతి నాకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ అమెరికా నుంచి కాదు, మన నెల్లూరు జిల్లాలో పొదలకూరు, కోవూరు మండలాల్లోనే బయటపడింది.

నా అసలు ఫిర్యాదు ఏంటంటే, రేవు దగ్గర పెట్టిన బుద్ధి సంత దగ్గర పెట్టలేదు. బయటి దేశం నుంచి వచ్చేదానికి చట్టం 1898లో వచ్చింది. దేశం లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయే గొడ్ల రోగాలకి దేశమంతటికీ ఒకే చట్టం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2009లో. మధ్యలో 111 ఏళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1866 నుంచే పశువ్యాధుల చట్టం ఉందిలే అంటారా, ఉంది, కాగితం మీద. సంతలో తువ్వాలు కింద వేళ్ళు నొక్కే మనిషికి ఏ చట్టమూ తగల్లేదు. పట్టుబట్టి చేస్తే ఏమవుతుందో చూశాం కదా, ఊరూరా టీకాలు వేసి, వెంటపడి, 1995 తర్వాత పశువుల ప్లేగు మన దేశంలో మళ్ళీ కనపడలేదు, 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. గాలికుంటుకీ 2019 నుంచి దేశవ్యాప్తంగా టీకాలు వేస్తున్నారు, మంచిదే. కానీ 2022లో లంపీ చర్మవ్యాధి గోల నడిచినప్పుడు మా దగ్గర సంత మూసేశారని బోర్డు పెట్టారు, ఆ బోర్డుకి యాభై అడుగుల దూరంలో చింతచెట్టు కింద ఆరు ఆవుల్ని కట్టి అమ్ముతున్నాడు ఒకాయన, నేనే చూశాను. వాటిలో ఒకదాని మెడ మీద రూపాయి బిళ్ళంత గడ్డలు. ఇవేంటయ్యా అంటే "దోమలు కుట్టినై" అన్నాడు.

నాకిప్పుడు రెండు ఆవులు. పోయిన ఏడాది అద్దంకి వైపు నుంచి ఇంకోటి కొన్నాను. తీసుకొచ్చి చేలో కట్టేశాను, వేపచెట్టు లేదు, తాత లేడు, మోటారు షెడ్డు ఉంది. పొద్దున సాయంత్రం బండి మీద పోయి పాలు పిండుకుని, షెడ్డు దగ్గరే చెప్పులు మార్చుకుని రావడం. మా ఆవిడ "పెట్రోలు ఖర్చుకి ఆ పాలు సరిపోవు" అంది. పక్క చేను తమ్ముడు "కొత్త కోడల్ని చావిట్లో పడుకోబెట్టినట్టు ఏందన్నా ఇది" అని నవ్వాడు. పదహారు రోజులు చూశాను. ఏమీ కాలేదు, ఆవు నిక్షేపంగా ఉంది, తోలుకొచ్చి ఇంట్లో కట్టేశాను. ఆ పెట్రోలు లెక్క మాత్రం ఇంట్లో ఇప్పటికీ తీస్తూనే ఉన్నారు.