‘నువ్వే కావాలి’ ఇప్పటికీ ఎందుకు చూడాలనిపిస్తుంది?

2000లో విడుదలైన ఈ చిత్రాన్ని నేటి తిరుపతి విద్యార్థులు కూడా ఎందుకు ఇష్టపడుతున్నారని మీరు అడిగారు. ఇందులో ప్రతినాయకుడు లేకపోవడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. పక్కపక్క ఇళ్లలో కలిసి పెరిగిన తరుణ్, మధులకు అడ్డుపడేది వారి స్నేహమే. మనసులోని మాట బయటపెడితే ఆ స్నేహంతో పాటు రెండు కుటుంబాల నమ్మకం కూడా ఎక్కడ చెడిపోతుందోనన్న భయంతో నోరు పెగలదు. ఈ చిక్కును ఎస్వీ విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్ల కింద కూర్చుని నోట్సు పంచుకునే స్నేహితులకు ఎవరూ వివరించనక్కరలేదు.

మలయాళ చిత్రం ‘నిరం’ (1999)కు ఇది పునర్నిర్మాణమే అయినా, త్రివిక్రమ్ సంభాషణలు దీన్ని మన ఇంటి మాటగా మార్చాయి. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకునే తీరులోనే అసలైన హాస్యం పుడుతుంది కనుక, ఆ చనువు కాస్తా మౌనంగా మారినప్పుడు కలిగే వెలితి ప్రేక్షకుడికి కూడా తెలుస్తుంది. (పక్కన నడిచే కొన్ని హాస్య సన్నివేశాలు మాత్రం ఇప్పుడు సాగదీసినట్లనిపిస్తాయి.) కోటి సంగీతం, కథానాయకుడిగా నటుడు తరుణ్‌కు ఇదే తొలి చిత్రం కావడం వల్ల వచ్చిన తాజాదనం కూడా తోడ్పడ్డాయి.