అమెరికాలో బాంటమ్ కోళ్లు: పెంపకం, ప్రదర్శన

బాంటమ్‌లను, అంటే చిన్న సైజు కోళ్లను, ప్రదర్శన కోసం పెంచాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ఏ జాతి కొనాలని. నిజానికి ముందు తేల్చుకోవలసింది పుంజు సంగతి. అనేక నగరాలు పెరట్లో కొన్ని పెట్టలను అనుమతిస్తూనే పుంజును నిషేధిస్తాయి; నగరం ఒప్పుకున్నా మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోకపోవచ్చు. పుంజు లేనిదే సంతతి లేదు కాబట్టి, ఈ రెండు చోట్లా నిబంధనలు చదవకుండా ఒక్క కోడిని కూడా కొనవద్దు.

గోదావరి జిల్లాలవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడి పౌల్ట్రీ షోకూ సంక్రాంతి బరికీ ఏ సంబంధమూ లేదు. కోడిపందెం 50 రాష్ట్రాల్లోనూ నేరం. చూడటానికి వెళ్లడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. ఈకల రంగును బట్టి పుంజును డేగ, కాకి, నెమలి అని దూరం నుంచే గుర్తుపట్టే కన్ను ఇక్కడా ఉపయోగపడుతుంది గానీ, జడ్జి చూసేది పోరాడే సత్తాను కాదు. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1874లో తొలిసారి వెలువరించిన ‘స్టాండర్డ్ ఆఫ్ పర్ఫెక్షన్’లో ఆ జాతికి నిర్దేశించిన ఆకారం, రంగు, బరువులతో మీ కోడిని పోల్చి చూస్తాడు. 1914లో ఏర్పడిన అమెరికన్ బాంటమ్ అసోసియేషన్‌కు బాంటమ్‌ల కోసం వేరే ప్రమాణ గ్రంథం ఉంది.

అందానికి మురిసి సీబ్రైట్‌తో మొదలుపెట్టేవారు ఎక్కువ. ప్రతి ఈకకూ నల్లని అంచుండే ఆ కోడిలో పుంజు ప్రామాణిక బరువు 22 ఔన్సులే. అయితే ఆ అంచును తరతరాలకూ చెదరకుండా నిలబెట్టడం కష్టం, పైగా గుడ్లు ఫలదీకరణ చెందే శాతమూ తక్కువ. జపనీస్ బాంటమ్‌లో చిక్కు మరో రకం. పొట్టికాళ్ల జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ అందిన పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. అందువల్ల పొట్టికాళ్ల జంటను కలిపితే సగటున నాలుగో వంతు పిల్లలు బయటికే రావు, మరో నాలుగో వంతు షోకు పనికిరాని పొడుగు కాళ్లతో పుడతాయి. ఈ సంగతి తెలియనివారు పాపం ఇంక్యుబేటర్‌ను తిట్టుకుంటూ ఉంటారు.

నన్నడిగితే నల్ల కొచిన్ బాంటమ్ మేలు. పెట్టలు బాగా పొదుగుతాయి కనుక ఇంక్యుబేటర్ లేకపోయినా 21 రోజులకు పిల్లలు దిగుతాయి; కాళ్ల మీది ఈకలు పాడవకుండా కింద పరిచే రంపపు పొట్టును మాత్రం ఎప్పుడూ పొడిగా ఉంచాలి. పోస్టులో పిల్లలను పంపే హేచరీల జోలికి వెళ్లకుండా, షోలలో గెలిచే పెంపకందారు దగ్గర ఒక పుంజూ రెండు పెట్టలూ కొనండి. ఎండలో తిప్పి చూస్తే నలుపు మీద పచ్చటి మెరుపు కనిపించాలి, ఊదా చారలు ఉండకూడదు. తల మీది ఎర్రని తురాయి పక్క నుంచి ముల్లులాంటి మొలక పొడుచుకొస్తే అనర్హతే. చాలా షోలు పుల్లోరమ్ అనే కోళ్ల అంటువ్యాధి లేదని ఎన్‌పీఐపీ (జాతీయ పౌల్ట్రీ అభివృద్ధి పథకం) ధ్రువపత్రం గానీ పరీక్ష గానీ అడుగుతాయి.

షోకు రెండు మూడు రోజుల ముందు, గోరువెచ్చని నీటిలో పసిపిల్లల షాంపూ కలిపి, ఈకలు మొలిచిన దిశలోనే చేత్తో నిమురుతూ కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, డ్రయ్యర్‌తో తక్కువ వేడిలో ఆరబెట్టండి. తిరిగొచ్చిన కోళ్లను కొన్ని వారాలు విడిగా ఉంచండి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు రాష్ట్రాలు షోలనే ఆపేస్తాయి. ఇండియాలో కోళ్లున్న ఇంటికి వెళ్లొస్తే విమానాశ్రయంలో ఆ విషయం చెప్పి, ఆ చెప్పులతో మీ కోళ్ల గూట్లో అడుగు పెట్టకండి. అనుమతి లేకుండా అక్కడి నుంచి గుడ్లు తేవడం అసలే కుదరదు.