ఎన్నారై సందేహాలు: చల్లకొచ్చి ముంత దాచకమ్మా

ప్రశ్న: పిన్నిగారూ, నమస్కారం. మాది విజయవాడ, పటమట. డల్లాస్ దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. మావారిది ఉద్యోగం, నేను ఆయన మీద ఆధారపడి వచ్చే హెచ్4 వీసా మీద ఇంట్లోనే. మూడేళ్ళ పాప. చదివింది ఇంగ్లీషు మీడియమే అయినా ఇక్కడివాళ్ళతో మాట్లాడాలంటే నోరు పెగలట్లేదు. స్కూల్లో వెనకబడుతుందని పాపతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంటున్నారు మావారు. కింది పోర్షన్లో నిజామాబాద్ ఆవిడ ఉంది. నేను 'అండీ' అంటే నవ్వుతుంది, నాకేమో ఆవిడ మాట సగం అర్థం కాదు. అందుకని ఎదురుపడకుండా తిరుగుతున్నా. నేను ఉద్యోగం చేసుకోవచ్చా అన్నది ఇంకో సందేహం. ఇల్లంతా ఒకటే నిశ్శబ్దం పిన్నిగారూ. ఈ శనివారం గారెలు వేద్దామనుకుంటున్నా, కానీ ముగ్గురికీ ఎన్ని వేస్తాం చెప్పండి.

జవాబు: అమ్మాయీ, ఉద్యోగం సందేహం తొందరగా తేలిపోతుంది, అది ముందు చూద్దాం. మీ ఆయనకి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అర్జీ ఆమోదమైతే నువ్వు పని అనుమతికి పెట్టుకోవచ్చు. 2015 నుంచి ఉంది ఆ వెసులుబాటు. రూల్సు మారుతుంటాయి, వీసాల సంగతి చూసే యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్లో చూసుకో, లేకపోతే మీ ఆయన కంపెనీ లాయర్ని అడుగు. నేనొచ్చిన 1998లో అదీ లేదు, హెచ్4 అంటే కిటికీ దగ్గర కూర్చుని మంచు చూడటమే. నువ్వు నాలుగు సందేహాలు రాశావు గానీ నాకు కనపడింది ఒక్కటే. అది ఉత్తరం చివర్లో, గారెల దగ్గరుంది.

నేను గుంటూరు బ్రాడీపేట పిల్లని. ఏసీ కాలేజీలో బీఏ, ఇంగ్లీషు లిటరేచరు. షేక్‌స్పియర్‌ని పేజీలకి పేజీలు బట్టీ పట్టినదాన్ని, నాకు ఇంగ్లీషు రాకపోవడమేమిటి అనుకుంటూ దిగాను ఒహాయోలో ఓ చిన్న ఊళ్ళో. ఇండియా సరుకుల కొట్టుకి వెళ్ళాలంటే కార్లో గంటన్నర. మీలాగా వీధి చివర ఇడ్లీపిండి డబ్బా దొరికే కాలం కాదులే.

వచ్చిన రెండో నెలలో థాంక్స్‌గివింగ్. మావారికి ఆ రోజూ పనే. పక్కింటి ముసలావిడ నన్ను పిలిచింది. పొద్దుటి నుంచీ కాఫీ తప్ప ఏమీ తాగలేదు, అన్నం వండుకోవడానికీ మనసు పుట్టలేదు. ఆవిడ ఆపిల్ పై కోసి, ఓ ముక్క పళ్ళెంలో పెట్టి, తింటావా అంది. మనల్ని ఎలా పెంచారు? మొదటిసారి వద్దండీ అనాలి. రెండోసారి కూడా అనాలి, కాస్త మెత్తగా. మూడోసారి వాళ్ళు 'అయ్యో, రవ్వంత తినమ్మా' అని వడ్డించేస్తే, చాలు చాలంటూ మొత్తం తినాలి. నేను పద్ధతి ప్రకారం 'నో, థాంక్యూ' అన్నాను. ఆవిడ 'ఓకే' అని పళ్ళెం మీద రేకు కప్పి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆ ఫ్రిజ్ తలుపు మూసుకున్న చప్పుడు నాకింకా వినపడుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను, మొహమాటాన్ని ఇంగ్లీషులో ఏమంటారో చూద్దామని. సిగ్గుకి మాటుంది, బిడియానికి మాటుంది, మర్యాదకి ఉంది. మొహమాటానికి సరిగ్గా సరిపోయేది ఒక్కటీ కనపడలేదు. ఆవిడ తప్పేముంది? మన 'వద్దు'కి అర్థం గొంతులో ఉంటుంది, ఎన్నోసారి అన్నామన్న లెక్కలో ఉంటుంది. ఆవిడ విన్నది మాట ఒక్కటే.

నీ నోరు పెగలకపోవడం కూడా ఇంగ్లీషు రాక కాదు. మన మర్యాదంతా క్రియలోనూ 'అండి'లోనూ ఉంటుంది. 'కాసిని మంచినీళ్ళిస్తారా' అన్నామంటే అందులోనే అన్నీ వచ్చేశాయి. 'ప్లీజ్'కి రోజూ వాడుకునే మాట మనకి లేదు, 'దయచేసి' అన్నది రైల్వే స్టేషను మైకులో మాట. ఇంగ్లీషులోకి వెళ్ళగానే 'అండి' జారిపోతుంది, దాని చోట్లో ఏమీ పెట్టం. 'గివ్ మీ వాటర్' అంటాం. వాళ్ళు మొహం చిట్లిస్తే, నా యాస బాగాలేదు కాబోలనుకుని నోరు మూసుకుంటాం. ఎక్కడెక్కడ 'అండి' అనేదానివో అక్కడల్లా ఓ 'ప్లీజ్' తగిలించు, సగం గొడవ వదులుతుంది. యాస గురించి బెంగ పెట్టుకోకు. మనకి ఒకటే 'వ', వాళ్ళకి రెండు. నేను పడమటి వైపు అనడానికి 'west' అనబోతే, 'vest' అని విని చేతుల్లేని కోటు గురించి అనుకున్నారు. ఒకదానికి పెదాలు గుండ్రంగా చుట్టు, రెండోదానికి పై పళ్ళు కింది పెదవికి ఆనించు. అంతకుమించి ఏమీ లేదు. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఊరికే ఇంగ్లీషు మాట్లాడుకునే క్లాసులు ఉంటాయేమో కనుక్కో. ఇంగ్లీషు కోసం కాకపోయినా వెళ్ళు. నలుగురు మనుషుల మొహాలు కనపడతాయి.

ఇక పాప సంగతి. ఇక్కడ మీ ఆయన మాట వినకు, నా మాట విను. మావాడు 2000లో పుట్టాడు. మూడేళ్ళకి డేకేర్లో వేస్తే, రెండు భాషలైతే పిల్లాడు తికమక పడతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అంది అక్కడి టీచరు. ఆవిడ పేరెందుకులే. వేదవాక్కులా పాటించాం. పిల్లలకి రెండు భాషలు అడ్డు కావని ఇప్పుడు స్పీచ్ థెరపిస్టులే చెబుతున్నారు. అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు, మేం అడిగిందీ లేదు.

2006లో డిస్నీకి తీసుకెళ్ళాం. తిరిగొచ్చి గుంటూరు ఫోన్ చేసి, వాడికి రెండు తెలుగు ముక్కలు అందించాను అమ్మమ్మకి చెప్పమని. వాడు ముద్దుగా 'అమ్మమ్మా, మనం డిస్నీకి వెళ్ళాం' అన్నాడు. అవతల మా అమ్మ ఒకటే నవ్వు, 'నన్నెప్పుడు తీసుకెళ్ళావురా నాన్నా?' అని. వాడికి అర్థం కాలేదు. ఇంగ్లీషులో 'వి' అంటే మేమూ అదే, మనమూ అదే. ఎదుటి మనిషి లెక్కలో ఉన్నట్టా లేనట్టా అన్నది ఆ మాట చెప్పదు. మనకి నోరు తెరిస్తే చాలు, తేల్చి చెప్పాలి. అమ్మమ్మ 'మనం'లో ఉందా, 'మేము'కి అవతల ఉందా అన్నది మావాడికి ఏ పుస్తకమూ నేర్పలేదు. తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది, మా ఊరి దాకా వచ్చేసరికి వాడికి మీసాలొచ్చాయి. మీ డల్లాస్‌లో ఉంది, పాపకి వయసు రాగానే వెయ్యి. కాకపోతే అక్కడ అక్షరాలొస్తాయి, 'మనం' ఇంట్లోనే రావాలి. ఇంగ్లీషంటావా, స్కూలు మెట్టెక్కాక అదే వస్తుంది, వద్దన్నా వస్తుంది.

మా అమ్మ డెబ్భై ఏళ్ళ వయసులో వాడికోసం ఒక ఇంగ్లీషు మాట నేర్చుకుంది. గోంగూర ముద్ద చేత్తో పట్టుకుని 'ఈట్ నాన్నా, ఈట్' అనేది. బ్రాడీపేట ఇంట్లో వాడూ ఆవిడా పక్కపక్కనే కూర్చుని నవ్వుకునేవాళ్ళు. అంతే. ఇంకేం చేస్తారు? ఆవిడకొచ్చిన కథలన్నీ ఆవిడతోనే పోయాయి.

సరే, ఇప్పుడు నీ కింది పోర్షను ఆవిడ. ఒహాయోలో మా ఊళ్ళో ఇంకో తెలుగింటి మనిషి 1999లో దిగింది. కరీంనగర్ పిల్ల, నాకన్నా రెండేళ్ళు చిన్న, 'అక్కా' అంటూ రోజూ వచ్చేది. ఉల్లిగడ్డ అంటే ఉల్లిపాయ అనేదాన్ని, ఆలుగడ్డ అంటే బంగాళాదుంప అనేదాన్ని. దిద్దుతున్నానన్న ధ్యాస కూడా లేదు నాకు. విజయవాడ రేడియో వింటూ, పేపరు చదువుతూ పెరిగాం కదా, తెలుగంటే మనం మాట్లాడేదే అనుకున్నాను. పత్రికల్లో కృష్ణా, గుంటూరు చదువుకున్నవాళ్ళ మాట స్థిరపడిందంటే చదువులూ అచ్చాఫీసులూ మన వైపు ముందొచ్చాయి గనక, మన నాలుక ప్రత్యేకంగా చేసింది గనక కాదు. అసలు వాడుక భాష కోసం జన్మంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారిది శ్రీకాకుళం వైపు. ఆయన గెలిచింది మనం సొంతం చేసుకుని, ఆ శ్రీకాకుళం యాసనే సినిమాల్లో నవ్వులాటకి పెట్టుకున్నాం.

ఒక రోజు వాళ్ళింట్లో భోజనం. చివర్లో ఆ పిల్ల గిన్నె ముందుకి జరిపి 'సల్ల పోసుకో అక్కా' అంది. నేను పకపకా నవ్వి, 'సల్లేంటే, మజ్జిగ అనలేవూ' అన్నాను. ఆ పిల్ల గరిటె పక్కన పెట్టి, 'చల్లకొచ్చి ముంత దాచుడు అని మీరు గూడ అంటరు గద. అప్పుడు మజ్జిగకొచ్చి అని ఎందుకనరు?' అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సామెత మా అమ్మమ్మ నోట వందసార్లు విన్నాను, అందులో చల్ల ఏమిటో ఒక్కసారీ ఆలోచించలేదు.

రెండు నెలలు రాలేదు. డిసెంబరు, జనవరి. మోకాలి లోతు మంచు. ఫోన్ కార్డు పెట్టి గుంటూరు చేస్తే నిమిషాలు ఖర్చవుతాయని మావారి గొణుగుడు. పగలంతా టీవీ పెట్టి ఉంచేదాన్ని, చూడ్డానికి కాదు, ఇంట్లో ఓ గొంతు ఉండాలని. ఒకసారి నాలుగు రోజుల తర్వాత నోరు తెరిస్తే గొంతు బొంగురుపోయింది. డబ్బు లేకపోతే అప్పు పుడుతుంది తల్లీ, 'ఏమే' అని పిలిచే మనిషి ఎక్కడా అప్పు పుట్టదు. ఇక్కడ అందరూ నిన్ను పేరుతోనే పిలుస్తారు, అందరికీ నువ్వు 'యూ'వే. 'నువ్వు' అనేవాళ్ళూ 'మీరు' అనేవాళ్ళూ వేరువేరుగా ఉంటేనే నువ్వెవరివో నీకు తెలిసేది.

ఫిబ్రవరిలో ఓ రోజు పాలు తోడెయ్యడానికి పెరుగు లేదు. నిజం చెప్పాలంటే ఉంది. స్టీలు గిన్నె కొంగు చాటున పెట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. ఆ పిల్ల తీసి, ఏమీ మాట్లాడకుండా నిలబడింది. 'చల్ల ఉందా?' అన్నాను. నా మొహం చూసింది, కొంగు చూసింది.

'ముంత ఏడ దాసినవ్ అక్కా?' అంది.

ఇరవై ఆరేళ్ళుగా ఆదివారం పొద్దున్న ఫోన్ మోగిందంటే ఆ పిల్లే.

అంచేత శనివారం పప్పు నాలుగు గుప్పెళ్ళు ఎక్కువ నానబొయ్యి. కిందికి వెళ్ళేటప్పుడు పాపని కూడా తీసుకెళ్ళు. ఆవిడ వద్దంటుంది. మూడోసారి దాకా ఆగు.