జిమ్నీకి 235 టైర్లు: లిఫ్ట్ ఉన్నా ఎందుకు రాసుకుంటాయి?

ప్రశ్న: మా అయిదు డోర్ల మారుతి జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామగ్రి) వేయించాను. కంపెనీ 195/80 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 (235 మి.మీ. వెడల్పువి) వేయించాలనుంది. లిఫ్ట్ ఉంది కాబట్టి ఏదీ అడ్డం రాదని, పాత రిమ్ములే సరిపోతాయని షాపులో అంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ నమ్మకండి. ముందు రిమ్ము సంగతి. జిమ్నీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు. 235 టైరుకి కనీసం 6 ఉండాలి. ఇరుకు రిమ్ము మీదా టైరు ఎక్కుతుంది, కాదనం. కానీ ట్రెడ్ గుండ్రంగా ఉబ్బి నడిమి భాగం ముందే అరిగిపోతుంది, మలుపుల్లో బండి పక్కలకు ఊగుతుంది. 139.7 పీసీడీలో (నట్ల రంధ్రాల వలయం వ్యాసం, మి.మీ.లలో) 7 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీతకీ, బండికి బిగించే ముఖానికీ మధ్య దూరం; మైనస్ అయితే చక్రం బయటికి జరుగుతుంది) మైనస్ 5 తీసుకుంటే టైరు లోపలికి 10 మి.మీ., బయటికి 30 మి.మీ. జరుగుతుంది. కంపెనీ ఆఫ్‌సెట్ ప్లస్ 5 అలాగే ఉంచితే రెండు వైపులా 20 చొప్పున జరిగి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు ఆర్మ్‌కి (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీకి) తగిలే ప్రమాదం పెరుగుతుంది. మైనస్ మరీ ఎక్కువైతే బంపర్ మూల, మడ్‌ఫ్లాప్ బలి.

ఇక లిఫ్ట్. స్ప్రింగ్ లిఫ్ట్ ఖాళీ ఇచ్చేది బండి నిలబడి ఉన్నప్పుడే. గుంతలో చక్రం పూర్తిగా పైకి లేస్తే అది ఆగేది పాత బంప్ స్టాప్ (యాక్సిల్ అంతకు మించి పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ) దగ్గరే, అంటే లిఫ్ట్ లేనప్పుడు ఆగిన చోటే. పాత టైరు ఎత్తు 693 మి.మీ., కొత్తది 733. అంటే చక్రం అంచు 20 మి.మీ. పైకి వెళ్తుంది. పైగా బంప్ స్టాప్ టైరు కంటే బాగా లోపలికి ఉంటుంది కాబట్టి, ఒక పక్క చక్రమే లేచినప్పుడు టైరు అంతకంటే ఎక్కువే కదులుతుంది. అందుకే బంప్ స్టాప్‌కి స్పేసర్ (దాని ఎత్తు పెంచే ముక్క) 25-30 మి.మీ. పెట్టించండి. చాలా కిట్లలో ఇది రాదు, అడిగి తీసుకోవాలి.

పరీక్ష షాపులోనే చేయించండి. పిల్లలు ఆడుకునే మైనపు ముద్ద చిన్న చిన్న ఉండలుగా చేసి ఫెండర్ లైనర్ (చక్రం పైనుండే లోపలి ప్లాస్టిక్ కవరు) మీద, బంపర్ వెనక అంచున, ఆర్మ్ మీద అతికించండి. మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, యాక్సిల్ ఒక చివర జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా ఎత్తి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. రెండో పక్కా అంతే. బండి కింద మాత్రం ఎవరూ దూరకూడదు. ఉండ ఎంత నలిగిందో చూస్తే ఎక్కడ కోయాలో తెలుస్తుంది. బంపర్‌కి తగిలితే దాని మూల కోస్తే సరిపోతుంది. ఆర్మ్‌కి తగిలితే మాత్రం స్టీరింగ్ స్టాపర్ దగ్గర కాస్త అడ్డు పెంచాలి, దానివల్ల బండి తిరిగే వలయం పెద్దదవుతుంది.

తిరుగుడు ఎక్కువగా తారు రోడ్డు మీదే అయితే మా ఓటు 215/75 ఆర్15కి. పాత రిమ్ము మీదే కూర్చుంటుంది, ఎత్తు 10 మి.మీ. మాత్రమే పెరుగుతుంది.

ప్రశ్న: టైర్లు మార్చాక 70 దగ్గర స్టీరింగ్ విపరీతంగా కొట్టుకుంటోంది. స్టీరింగ్ డ్యాంపర్ (కుదుపును మింగే షాక్ అబ్జార్బర్) మారిస్తే పోతుందా?
– అనంతపురం నుంచి

జవాబు: డ్యాంపర్ జబ్బును దాస్తుంది, తగ్గించదు. మొదట బ్యాలెన్సింగ్ చేయించండి. తర్వాత కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగే ఇరుసు) బేరింగులు, ప్యాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టి ఉంచే కడ్డీ) బుష్షులు చూడండి. ఇవన్నీ బాగుంటే మిగిలింది క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం. జిమ్నీ ముందు యాక్సిల్ ఆర్మ్‌లకు బిగిసి ఉంటుంది. బండి లేచినప్పుడు యాక్సిల్ ముందుకు తిరిగి క్యాస్టర్ తగ్గిపోతుంది, స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు. క్యాస్టర్ కరెక్షన్ బుష్షులు వేయించి, అలైన్‌మెంట్ షీటు చేతికి తీసుకోండి. లిఫ్ట్ వల్ల యాక్సిల్ పక్కకి కూడా జరుగుతుంది. ఫెండర్ నుంచి గుండు కట్టిన దారం వేలాడదీసి రెండు వైపులా టైరుకి దూరం కొలవండి. తేడా ఉంటే పొడవు మార్చుకోగల ప్యాన్‌హార్డ్ రాడ్ కావాలి.

ప్రశ్న: స్టెప్నీ పాతదే ఉంచుకోవచ్చా? స్పీడోమీటర్, ఆర్‌టీఓ సంగతేమిటి?
– ఖమ్మం నుంచి

జవాబు: స్టెప్నీ కూడా కొత్త సైజే కొనండి. జిమ్నీకి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) లేదు. ఎత్తు తేడా ఉన్న టైరుతో 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే స్థితిలో) గట్టి నేల మీద నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేరు పెట్టె) మీద భారం పడుతుంది. పెద్ద టైరు బరువుకి వెనక డోరు హింజులు కిందికి జారుతున్నాయేమో కూడా గమనిస్తుండండి.

235 సైజుతో చక్రం చుట్టుకొలత దాదాపు 5.8 శాతం పెరుగుతుంది. మీటరు పాత లెక్కన 80 అంటే అసలు వేగం 84-85. ఘాట్‌లో ఇదివరకటి కంటే ఒక గేరు కింద నడపాల్సి రావచ్చు. కొత్త రిమ్ములు వేసిన 100 కి.మీ. లోపు నట్లు టార్క్ రెంచితో 100 న్యూటన్ మీటర్లకు మళ్లీ బిగించండి.

చట్టం విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలకూ కంపెనీ ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చే మార్పులు చేయకూడదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఇదే. డబ్బు పెట్టేముందే మీ ఆర్‌టీఓలో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడగండి. పాత టైర్లూ రిమ్ములూ మాత్రం అమ్మేయకండి.