ఒకరు పోతే ఇద్దరెందుకు వచ్చారు?

హైదరాబాద్

తమ్ముడూ,

ఇండియన్ ఓషన్ బ్యాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఎవరెప్పుడు చేరారో, ఎవరెప్పుడు వెళ్లారో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాట మాత్రం ఎక్కడా వినపడలేదు.

1990లో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి ఢిల్లీలో మొదలుపెట్టిన బ్యాండ్ అది. రాహుల్ రామ్, ఆ తర్వాత అమిత్ కిలమ్ కలిశాక ఆ నలుగురూ చాలా ఏళ్లు విడిపోలేదు. ఇదంతా రెండు వాక్యాల్లో తేల్చెయ్, పర్లేదు.

2009 డిసెంబర్ 25న అషీమ్ చనిపోయాడు. 'ఆయన స్థానంలో హిమాంశు జోషి, తుహీన్ చక్రవర్తి వచ్చారు' అని రాసి ముందుకెళ్లిపోయావు. అక్కడ ఆగాలి నువ్వు. ఒక మనిషి పోతే ఇద్దరు ఎందుకు రావాల్సొచ్చింది? అషీమ్ బాసింపట్టు వేసుకుని కూర్చుని, తబలా వాయిస్తూనే పాడేవాడు. పాట ఎక్కడ లాగాలి, ఎక్కడ తుంచాలి అన్నది గొంతూ చేతులూ కలిసి తేల్చుకునేవి. ఇప్పుడు గొంతు ఒకరిది, తబలా మరొకరిది. వాళ్ల 'కందీసా' పాట పాత రికార్డింగూ, ఈమధ్య లైవ్‌లో పాడిందీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్కపక్కనే విను. తేడా వినిపిస్తే అది రాయి. వినిపించకపోతే అదీ రాయి.

ఇంకొకటి వదిలేశావు. 2010లో '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్ పాటల్ని వాళ్లు ఒక్కొక్కటిగా ఫ్రీగా ఇచ్చారు. అప్పటికే అషీమ్ లేడు, పాటల్లో మాత్రం ఉన్నాడు. నాకైతే ఈ బ్యాండ్ కథ మొత్తంలో గుండె పట్టేసే చోటు అదే.

2013లో గిటార్ వాయించే సుస్మిత్ వెళ్లిపోయి ఆ చోటికి నిఖిల్ రావు వచ్చాక 'పాత బ్యాండే వేరు' అన్నవాళ్లున్నారు. ఆ మాట వినగానే తలూపకు, కొట్టిపారేయకు. మన సురభి వాళ్లు 1885 నుంచి ఆడుతున్నారు. వేషం కట్టేవాళ్లు తరతరానికీ మారినా నాటకం నిలిచింది, ఎందుకంటే వేషం ముందే ఉంది, మనిషి వచ్చి అందులో ఒదుగుతాడు. ఈ పాటలు అలా కాదు. నలుగురూ కలిసి వాయించుకుంటూ ఉంటే పుట్టాయి. అలాంటప్పుడు కొత్తగా వచ్చినవాడు పాత గిటార్ ముక్కని ఉన్నదున్నట్టు వాయించాలా, తనది కలపాలా? నీ వ్యాసానికి అసలు ప్రశ్న ఇదని నా నమ్మకం.

ఈసారి మన ఊళ్లో వాళ్ల షో పడితే ఫోన్ జేబులో పెట్టుకుని, తబలా కనిపించే వైపు నిలబడు. పాడేవాడు ఎప్పుడెప్పుడు అటు చూస్తున్నాడో గమనించు. అప్పుడు అషీమ్ పేరాతో మొదలుపెట్టి తిరగరాసి పంపు.

మీ అన్నయ్య